దసలి పట్టు పోస్టర్‌తో ప్రాంతీయ సదస్సుకు వెళ్ళడం దండగా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు హన్మకొండలో ఉంటూ బయోటెక్నాలజీలో పీహెచ్‌డీ మూడో సంవత్సరం చేస్తున్నారు. మహదేవపూర్ ప్రాంతపు దసలి (టసర్ అనే అడవి పట్టు) కాయల నుంచి ఫైబ్రోయిన్ అనే పట్టు ప్రోటీన్ తీసి, కాలిన గాయాల మీద కప్పడానికి పనికొచ్చే స్కాఫోల్డ్ (కణాలు పట్టుకుని పెరిగే ఆధారం) తయారు చేస్తున్నారు. హైదరాబాదులో జరగబోయే దక్షిణాది రాష్ట్రాల స్థాయి టిష్యూ ఇంజనీరింగ్, రీజనరేటివ్ మెడిసిన్ (దెబ్బతిన్న కణజాలాన్ని తిరిగి నిర్మించే శాస్త్రం) సదస్సుకు మీ పరిశోధన సారాంశం పోస్టర్‌గా ఎంపికైంది. ఒక పోస్టర్‌కు ఇంత ఖర్చు దండగ అనీ, ఆ డబ్బు కూడబెట్టుకుని విదేశంలో జరిగే పెద్ద సదస్సుకే వెళ్ళమనీ మీ సీనియర్లు అంటున్నారు. ఎలుకల మీద ప్రయోగం సగంలోనే ఉంది కాబట్టి అరకొర ఫలితాలను నలుగురిలో పెట్టడానికి మీకూ జంకుగా ఉంది. వెళ్ళాలా, వెళ్తే ఏం చూపాలి, ఏం వినాలి అని అడిగారు.

వెళ్ళండి. ఆ సగం ఫలితాలతోనే వెళ్ళండి. బయోమెటీరియల్స్ పాఠం చెబుతూ, పరిశోధక విద్యార్థులకు గైడ్‌గా ఉంటూ, ఇలాంటి సదస్సులకు వచ్చే సారాంశాలను వడపోసే కమిటీలలో చాలాకాలంగా కూర్చుంటున్న మనిషిగా ఈ మాట చెబుతున్నాను. పని అంతా పూర్తయ్యాక పోస్టర్ పెడితే చూసినవాళ్ళు బాగుందని వెళ్ళిపోతారు. లోపం ఎవరైనా పట్టుకున్నా అప్పటికి దాన్ని సరిదిద్దుకునే సమయం మీ దగ్గర ఉండదు. మూడో సంవత్సరంలో ఉన్నవారికి ఇంకా ఎలుకలు మిగిలి ఉంటాయి, రసాయనాలు మిగిలి ఉంటాయి, ప్రయోగం తీరు మార్చుకునే వీలు మిగిలి ఉంటుంది.

పెద్ద సదస్సు సంగతి ముందు తేల్చేద్దాం. ఈ రంగానికి టర్మిస్ అనే అంతర్జాతీయ సంఘం ఉంది. దానికి ఆసియా-పసిఫిక్, యూరప్, అమెరికా ఖండాల పేరున మూడు శాఖలున్నాయి. శాఖల సమావేశాలు కాక మూడేళ్ళకోసారి ప్రపంచ మహాసభ జరుగుతుంది. 2018లో క్యోటోలో, 2024లో సియాటిల్‌లో జరిగింది. అక్కడికి వెళ్ళే రోజు మీకు తప్పక రావాలి. కాని ఒకేసారి అనేక హాళ్ళలో ఉపన్యాసాలు నడిచే అలాంటి చోట పట్టు ఫైబ్రోయిన్ మీద పోస్టర్లే వరుసగా కనిపిస్తాయి, ఆ వరుసలో మీ ముందు ఆగేవారు కూడా చాలామటుకు మీలాంటి విద్యార్థులే అయి ఉంటారు. ప్రాంతీయ సదస్సులో ఉండే ఆకర్షణ వేరు: ఆసుపత్రి వదిలి నాలుగు రోజులు విదేశం వెళ్ళలేని ప్లాస్టిక్ సర్జన్లు, కాలిన గాయాల వార్డు చూసేవారు, కంటి వైద్యులు ఒక పూటయినా అక్కడికి వస్తారు. మీ స్కాఫోల్డ్‌ను రేపు చేత్తో పట్టుకుని గాయం మీద పరచవలసినవాళ్ళు వాళ్ళే. కాజీపేటలో పొద్దున రైలెక్కితే వాళ్ళ ముందు నిలబడగలిగే అవకాశం చేతిలో ఉండగా, ఆ డబ్బు దాచుకోమనడం నాకు సబబుగా తోచడం లేదు.

ఈ రంగంలో వైద్యుడి మాటకు ఇంత విలువ ఎందుకో చెబుతాను. కణాలు, అవి పట్టుకుని పెరగడానికి ఒక ఆధారం, వాటికి పెరుగుదల సంకేతాలు అనే మూడింటిని కలిపి శరీర భాగాలను తిరిగి నిర్మించవచ్చన్న ఆలోచనను 1993లో అమెరికా పరిశోధకులు లాంగర్, వకాంటి సైన్స్ పత్రికలో స్పష్టంగా రాసిపెట్టారు. ఆ తరువాతి కాలంలో రోగి దాకా చేరినవి ఎక్కువగా చర్మం, కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర), మృదులాస్థి వంటివి. గుండె, కాలేయం వంటివి చేరలేదు. దీనికి కారణం ఆక్సిజన్. రక్తనాళానికి సుమారు 100 నుంచి 200 మైక్రోమీటర్ల దూరం దాటితే కణానికి తగినంత ఆక్సిజన్ అందదు. అందువల్ల రక్తనాళాలు లేకుండా మందమైన కణజాలం తయారు చేస్తే లోపలి కణాలు చచ్చిపోతాయి. చర్మం పలుచన, కార్నియాకు రక్తనాళాలే లేవు, మృదులాస్థికీ లేవు. కాబట్టి గాయాల మీద కప్పును ఎంచుకోవడంలో మీరు తెలివిగానే అడుగు వేశారు. అయితే సులువైన చోట పోటీ కూడా ఎక్కువ. సర్జన్ బీరువాలో అప్పటికే పారాఫిన్ పూసిన గాజుగుడ్డ ఉంటుంది, సిల్వర్ సల్ఫాడయాజిన్ మలాము ఉంటుంది, పశువుల కొల్లాజెన్‌తో చేసిన రెడీమేడ్ షీటు ఉంటుంది. ఆవిరితో శుద్ధి చేసిన అరటి ఆకును కాలిన గాయాల మీద డ్రెస్సింగ్‌గా వాడి, అది అతుక్కోకుండా నొప్పి లేకుండా ఊడివస్తుందని ముంబై వైద్యులు శాస్త్రీయ పత్రికలో ప్రచురించారు కూడా. మీ పోస్టర్‌లో కంట్రోల్‌గా, అంటే పోల్చి చూడడానికి, ఉత్త గాజుగుడ్డ మాత్రమే ఉంటే, "కొల్లాజెన్ షీటు కన్నా ఇది ఎందులో మెరుగు?" అని మొదటి సర్జనే అడుగుతాడు. అరటి ఆకు సంగతి తెలిసినవాడైతే మరింత ఇబ్బంది పెడతాడు.

ఇక పోస్టర్‌లోకి వద్దాం. మీరు రాసినదాన్ని బట్టి అందులో ప్రధాన చిత్రం ఎలుక వీపు మీద గాయం రోజురోజుకూ మూసుకుంటున్న ఫోటోల వరుస. పద్నాలుగో రోజుకు మీ స్కాఫోల్డ్ వేసిన గాయం దాదాపు మూసుకుపోయిందని, గాజుగుడ్డ వేసినది ఇంకా తెరిచి ఉందని అంటున్నారు. ఈ ఫోటోల వరుస దగ్గరే నేను అందరికన్నా ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎలుక చర్మం మనిషి చర్మంలా మానదు. ఎలుక చర్మం కింద పలుచని కండర పొర ఒకటి ఉంటుంది. చర్మం కూడా కింది కణజాలానికి వదులుగా అంటి ఉంటుంది. గాయం పడగానే అంచులు దగ్గరికి లాక్కుని మూసుకుపోతాయి. మనిషిలో, ముఖ్యంగా లోతుగా కాలిన చోట, గాయం అడుగు నుంచి ఎర్రటి కొత్త కండ నిండి, దాని మీదుగా అంచుల నుంచి కొత్త బాహ్యచర్మం పాకాలి. ఈ రెండూ వేరువేరు పనులు. మీ ఫోటోలో వైశాల్యం తగ్గిందంటే అది ముడుచుకోవడం వల్ల తగ్గిందా, కొత్త చర్మం పాకడం వల్ల తగ్గిందా అన్నది ఫోటో చెప్పదు.

దీనికి మందు ఉంది. గాయం చుట్టూ సిలికాన్ రింగు పెట్టి చర్మానికి కుట్టేస్తే అంచులు ముడుచుకోలేవు; అప్పుడు గాయం మనిషి గాయానికి దగ్గరగా మానుతుంది. రింగు ఊడిపోయిన జంతువు లెక్కలోకి రాదు, కాబట్టి రోజూ చూసుకోవాలి, ఎలుకలు ఒకదాని రింగు ఒకటి కొరకకుండా విడివిడి పంజరాలలో ఉంచాలి. రింగు పెట్టకుండానే మొదటి విడత అయిపోయి ఉంటే గాబరా పడకండి. కణజాలపు ముక్కలు కోసి రంగు వేసిన స్లయిడ్ల మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకు కొత్త బాహ్యచర్మం పొడవెంతో, మధ్యలో ఇంకా కప్పబడని దూరమెంతో కొలిచి ఆ సంఖ్యలను ఫోటోల పక్కన పెట్టండి. పాత చర్మం అంచు ఎక్కడ ఆగిందో వెంట్రుకల కుదుళ్ళను బట్టి గుర్తించవచ్చు. ముడత ఎంత, పాకుడు ఎంత అని విడదీసి చూపిన పోస్టర్ ముందు నేనే కాదు, ఏ సర్జన్ అయినా ఆగుతాడు.

రెండో ప్రశ్న పట్టు గురించే వస్తుంది, దీనికి ముందే జవాబు సిద్ధం చేసుకోవాలి. మల్బరీ పట్టునయితే సోడియం కార్బొనేట్ నీళ్ళలో అరగంట మరిగించి సెరిసిన్ జిగురు వదిలించి, 9.3 మోలార్ గాఢత గల లిథియం బ్రోమైడ్‌లో కరిగించి, డయాలిసిస్ సంచిలో పెట్టి రెండు మూడు రోజులు నీళ్ళు మారుస్తూ ఉప్పు తీసేస్తారు. దసలి కాయ అలా లొంగదు. అందుకే చాలా బృందాలు కాయ జోలికి పోకుండా బాగా ముదిరిన అయిదో దశ పురుగుల పట్టు గ్రంథుల నుంచే ఫైబ్రోయిన్ తీస్తాయి. మీరు కాయ నుంచే తీశారంటే ఏ ద్రావకంతో తీశారు, అది చివరికి ఎంత మిగిలింది, మిగిలిన సెరిసిన్ ఎంత అన్నవి పోస్టర్‌లోనే కనిపించాలి. దసలి వైపు నిలబడి మాట్లాడడానికి మీకు మంచి ఆధారమే ఉంది: ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే అమినో ఆమ్లాలు ఒకదాని పక్కన ఒకటి ఉండే ఆర్‌జీడీ వరుస దసలి ఫైబ్రోయిన్‌లో సహజంగానే ఉంటుంది, మల్బరీలో ఉండదు. కణాల పైపొరలోని ఇంటిగ్రిన్లు అనే ప్రోటీన్లు పట్టుకునేది దాన్నే. అయితే ఈ పురుగు షెడ్డులో కాక అడవిలో మద్ది చెట్ల మీద పెరుగుతుంది. ఒక పంటకూ ఇంకో పంటకూ కాయ మారుతుంది. మీరు వేరువేరు లాట్లు తీసుకుని పోల్చారా లేక ఒకే బస్తా కాయలతో మొత్తం థీసిస్ నడిపారా అని అనుభవం ఉన్నవారు అడుగుతారు. మన ప్రాంతపు ముడిసరుకు అన్న గర్వం ఉండవలసిందే కాని, ఆ ప్రశ్నకు అది జవాబు కాదు.

కణాల పరీక్ష విషయంలో విద్యార్థులు పడే గుంటలు నాకు కంఠతా వచ్చు. కణాలు బతికి ఉన్నాయా అని రంగుతో చూపే ఎంటీటీ పరీక్షలో ఏర్పడే ఊదా రంగు స్ఫటికాలు స్పాంజిలాంటి స్కాఫోల్డ్ రంధ్రాలలో ఇరుక్కుని పూర్తిగా బయటికి రావు, రంగు తక్కువగా చూపిస్తుంది. కణాలు లేని ఖాళీ స్కాఫోల్డ్‌ను కూడా పక్కన పెట్టి చదవకపోతే ఆ అంకె దేన్ని చెబుతుందో తెలియదు. వైద్య పరికరాల భద్రతా పరీక్షలకు సంబంధించిన ఐఎస్ఓ 10993 ప్రమాణంలోని అయిదో భాగం ప్రకారం కణాల సజీవత కంట్రోల్‌తో పోల్చి 70 శాతం కన్నా తగ్గితే విషప్రభావం ఉన్నట్టు లెక్క. మీ గ్రాఫులో ఆ గీత గీయండి. కణాలు పెంచే ఒకే ప్లేటులోని మూడు గుంటలను మూడు ప్రయోగాలుగా రాసి, తేడా గణాంకపరంగా నిలుస్తుందని చెప్పే నక్షత్రాలు పెట్టడం మాత్రం వద్దు. వేరువేరు రోజులలో, వేరువేరుగా తయారు చేసిన స్కాఫోల్డ్‌లతో చేసినవే మూడు. ఇది చూడగానే పోస్టర్ దగ్గర నుంచి మౌనంగా కదిలిపోయేవాళ్ళు ఉంటారు, కారణం మీకు చెప్పను కూడా చెప్పరు.

వైద్యులు అడిగే ప్రశ్నలు మరోలా ఉంటాయి. ఒక సదస్సులో కైటోసాన్ (రొయ్య పెంకుల వంటివాటి నుంచి తీసే పదార్థం) పొర మీద చక్కటి పని చేసిన అమ్మాయి పోస్టర్ దగ్గరికి కాలిన గాయాల వార్డు నడిపే పెద్దావిడ ఒకరు వచ్చారు. గ్రాఫుల వంక చూడనే లేదు. నమూనా ముక్క ఉందా అని అడిగి, అందుకుని, పక్కనున్న మంచినీళ్ళ సీసాలోంచి దాని మీద నీళ్ళు పోసి, వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టారు. రెండోసారికి అది చిరిగింది. "మోచేతి మడత మీద ఇది ఎంతసేపు నిలుస్తుందమ్మా?" అన్నారు. తరువాత వరసగా: తీసేటప్పుడు కొత్త చర్మాన్ని ఊడబెరుకుతుందా, దాని కింద చీము పట్టితే పైనుంచి కనిపిస్తుందా, ఎన్ని రోజులకు మార్చాలి, నర్సు ఒక్కతే వేయగలదా, ధర ఎంత. ఆ అమ్మాయి థీసిస్‌లో తరువాత ఒక అధ్యాయమంతా తడి స్థితిలో సాగుడు బలం మీద వచ్చింది, దానికి మూలం ఆ నీళ్ళ సీసాయే. అందుకని మీరు కూడా నమూనాలు తీసుకెళ్ళండి. పొడివి కొన్ని, సెలైన్‌లో నానినవి కొన్ని, మూత గట్టిగా బిగిసే డబ్బాలలో పెట్టుకుని, మనుషుల మీద వాడకూడదని పైన స్పష్టంగా రాయండి.

శుద్ధి ఎలా చేశారన్నది కూడా తప్పకుండా వచ్చే ప్రశ్న. "70 శాతం ఆల్కహాల్‌లో ముంచాం" అన్న జవాబు ప్రయోగశాలలో చెల్లుతుందేమో గాని వైద్యుల ముందు చెల్లదు. ఆల్కహాల్‌కు బాక్టీరియా బీజాలు చావవు. గామా కిరణాలా, ఇథిలీన్ ఆక్సైడా, ఆటోక్లేవా అన్నది ఇప్పుడే ఆలోచించండి, ఎందుకంటే వాటిలో ఏది చేసినా పట్టు బలం, కరిగిపోయే వేగం మారవచ్చు, అప్పుడు ఇంతకుముందు కొలిచిన అంకెలన్నీ శుద్ధి చేసిన ముక్కల మీద మళ్ళీ కొలవవలసి వస్తుంది.

దీనికి ఆనుకుని ఉన్న చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. కణాలు లేని డ్రెస్సింగ్ 2017 నాటి వైద్య పరికరాల నియమావళి కిందికి వస్తుంది. అదే స్కాఫోల్డ్ మీద మూలకణాల (ఇతర కణాలుగా మారగల స్టెమ్ సెల్స్) నుంచి తయారైన ఉత్పత్తి చేర్చారంటే 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమావళి ప్రకారం అది కొత్త ఔషధం. మీ సారాంశం చివరి వాక్యంలో "భవిష్యత్తులో మూలకణాలను కూడా చేరుస్తాం" అని అలవాటుగా రాశారు. ఆ ఒక్క వాక్యంతో మీ దారి ఎన్నో ఏళ్ళు పొడుగవుతుంది. నిజంగా అవసరం ఉందనుకుంటేనే ఉంచండి, లేకపోతే తీసేయండి.

వినవలసినవాటి గురించి అడిగారు. ప్రధానోపన్యాసాలలో ముందు, తరువాత అని రెండు ఫోటోలు వస్తాయి, చప్పట్లు మోగుతాయి. చప్పట్లు కొట్టండి, కాని మీ నోటుపుస్తకంలో నాలుగు విషయాలు రాసుకోండి: ఏ జంతువు లేక ఎందరు రోగులు, దేనితో పోల్చారు, ఎన్నాళ్ళు గమనించారు, వేరే కేంద్రంలో ఎవరైనా చేసి చూశారా. చివరిదాని విలువ మూత్రాశయం కథలో బాగా తెలుస్తుంది. 2006లో అమెరికా వైద్య పరిశోధకుడు ఆంథొనీ అటాలా బృందం రోగుల సొంత కణాలతో పెంచిన మూత్రాశయ కణజాలాన్ని ఏడుగురికి అమర్చిన ఫలితాలను లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించింది, ప్రపంచమంతా అబ్బురపడింది. సొంత కణాలు నాటిన స్కాఫోల్డ్‌తోనే వెన్నెముక లోపమున్న పిల్లలలో జరిగిన రెండో దశ ట్రయల్ ఫలితాలు 2014లో వచ్చినప్పుడు మూత్రాశయం సాగే గుణం గాని, పట్టే సామర్థ్యం గాని మెరుగుపడలేదని, పైగా తీవ్రమైన దుష్ప్రభావాలు కలిగాయని తేలింది. మొదటి వార్త ఇప్పటికీ స్లయిడ్లలో తిరుగుతూనే ఉంది, రెండోదాన్ని చూపేవారు తక్కువ.

అంతకన్నా భయంకరమైన ఉదాహరణ పావులో మాక్కియరీని అనే సర్జన్‌ది. 2011లో స్వీడన్‌లో ఆయన ప్లాస్టిక్ శ్వాసనాళానికి రోగి మూలకణాలు పూసి అమర్చినప్పుడు సదస్సులు ఆయనను నెత్తిన పెట్టుకున్నాయి. జంతువుల మీద సరైన పరీక్షలు జరగలేదన్న సంగతి తరువాత విచారణలో బయటపడింది. ఆ కృత్రిమ నాళాలు అమర్చుకున్నవారిలో చాలామంది చనిపోయారు. 2023లో స్వీడన్ అప్పీలు కోర్టు ఆయనకు రెండున్నరేళ్ళ జైలుశిక్ష వేసింది. ఆ రోజులలో ఏ హాలులోనైనా లేచి "ఇది ఏ జంతువులో చేశారు, అది ఎంతకాలం బతికింది?" అని గట్టిగా అడిగినవారు మరికొందరు ఉండి ఉంటే బాగుండేది. మీరు విద్యార్థి అయినా ఆ ప్రశ్న అడగడానికి మీకు హక్కుంది, వినయంగా అడగండి, కాని అడగండి.

దగ్గరి ఉదాహరణలు మన హైదరాబాదులోనే ఉన్నాయి. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) కలిసి మనిషి కార్నియా నుంచి కణాలు తీసేసి మిగిలిన పదార్థంతో త్రీడీ ప్రింటింగ్ ద్వారా కార్నియా తయారు చేసి కుందేలు కంట్లో అమర్చినట్టు 2022లో ప్రకటించాయి. మంచి పని, కుందేలు దశ అని మాత్రం మరిచిపోకుండా వినాలి. నాకు ఇంకా ఇష్టమైనది అదే నేత్ర వైద్య సంస్థ నుంచి 2012లో వెలువడిన స్లెట్ అనే, కంటి మూలకణాలను నాటే పద్ధతి. సున్నం, యాసిడ్ వంటివి పడి కంటి నల్లగుడ్డు చుట్టూ ఉండే మూలకణాలు కాలిపోతే చూపు మసకబారుతుంది. అంతకుముందు మంచి కంటి నుంచి చిన్న ముక్క తీసి, శుద్ధ ప్రయోగశాలలో సుమారు రెండు వారాలు పెంచి, తిరిగి అతికించేవారు. ఆ ప్రయోగశాల ఖర్చు భరించగలిగే ఆసుపత్రులు కొన్నే. స్లెట్‌లో మంచి కంటి నుంచి దాదాపు రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని ఎనిమిది పది తునకలు చేసి, దెబ్బతిన్న కంటి మీద పరచిన ఉమ్మనీటి పొర మీద ఫైబ్రిన్ జిగురుతో అక్కడికక్కడే అతికిస్తారు. కణాలు పెరిగేది రోగి కంటి మీదే. ఒకే ఆపరేషన్, ప్రయోగశాల అక్కరలేదు. మన జిల్లాల ఆసుపత్రులను మనసులో పెట్టుకుని పరిశోధన చేసేవారు ఇలాంటి ఆలోచన ఎలా పుట్టిందో తెలిసినవాళ్ళను టీ విరామంలో పట్టుకుని అడగాలి. తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సాంకేతిక సంస్థ నుంచి ఎవరైనా వస్తే వాళ్ళనూ వదలకండి. పదార్థాన్ని పరీక్షించి, అనుమతులు తెచ్చి, తయారీదారుకు అప్పగించడం దాకా నడిపిన అనుభవం దేశంలో అంతగా ఉన్నవారు కొద్దిమందే.

స్టాళ్ళ దగ్గర జాగ్రత్త. పరికరాల కంపెనీలతో పాటు అప్పుడప్పుడు మోకాళ్ళ నొప్పికీ, ఆటిజానికీ, మధుమేహానికీ మూలకణాల చికిత్స అమ్మేవారి కరపత్రాలు కూడా కనిపిస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధమైన జబ్బులకు చేసే మూలకణాల మార్పిడి తప్ప మిగిలిన వాడకాలన్నీ అనుమతి పొందిన ట్రయల్ పరిధిలోనే జరగాలి. ట్రయల్ అయితే దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నంబరు ఉండాలి, పాల్గొనే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఊళ్ళో మిమ్మల్ని సైంటిస్టు అనుకుని బంధువులు ఈ కరపత్రాలు తెచ్చి అడుగుతారు కాబట్టి ఈ రెండు గుర్తులు తెలిసి ఉండడం మంచిది.

ఫోటోలు తీసుకోనిచ్చే ముందు, అసలు పోస్టర్ గోడకెక్కే ముందు, మీ గైడ్‌తో పేటెంటు సంగతి మాట్లాడండి. శాస్త్రీయ సంఘం ముందు చదివిన పత్రానికి మన పేటెంటు చట్టం 31వ సెక్షన్ పన్నెండు నెలల వెసులుబాటు ఇస్తుంది, కాని ఐరోపాలో అలాంటి ఊరట లేదు. ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు ముందు పెట్టేస్తే, పూర్తి వివరాలు ఇవ్వడానికి ఏడాది గడువుంటుంది, నిశ్చింతగా మాట్లాడవచ్చు. దసలి పట్టు జీవ వనరు కాబట్టి 2002 నాటి జీవవైవిధ్య చట్టం కూడా వర్తిస్తుందా అని మీ విశ్వవిద్యాలయంలో ఆ వ్యవహారాలు చూసేవారిని అడగడం మరవకండి.

పోస్టర్ ముద్రణ చిన్న విషయమే కాని దెబ్బతీస్తుంది. హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ఫ్లెక్సీ షాపులలో నాయకుల జన్మదిన బ్యానర్లకు సరిపోయే రంగులతో కొడితే మీ ఫ్లోరసెన్స్ చిత్రాలు నల్లటి మరకలవుతాయి. ముఖ్యంగా కణ కేంద్రకాలకు వేసిన డాపీ అనే రంగు తాలూకు నీలం చీకట్లో కలిసిపోతుంది. ఆ చిత్రాలను ఒక్కో రంగు విడివిడిగా తెలుపు-నలుపులో పెట్టి, కలిపిన చిత్రాన్ని మాత్రమే రంగుల్లో ఉంచండి. అదే మెషీన్ మీద చిన్న ముక్క నమూనాగా కొట్టించి చూసుకోండి. మెరుపు లేని కాగితం అడగండి. ప్రతి సూక్ష్మదర్శిని చిత్రం మీద స్కేలు గీత ఉండాలి. కొలతలు నిర్వాహకులు ఇచ్చినవే పాటించండి.

ఇంగ్లీషు గురించి మీరు పడుతున్న భయం నాకు తెలుసు, మన జిల్లాల బడుల నుంచి వచ్చిన పిల్లలలో చాలామందికి ఉండేదే. పోస్టర్ దగ్గర ఎవరూ వ్యాకరణం చూడరు. రెండు నిమిషాలలో చెప్పేటట్టు సిద్ధం చేసుకోండి: ఏ గాయం, ఏ పదార్థం, ఇప్పటికి ఏం తేలింది, ఎక్కడ ఆగాను. నాలుగోది బిగ్గరగా చెప్పండి. సాయం దొరికేది అక్కడే. హైదరాబాదు సర్జన్లలో తెలుగులో మాట్లాడేవారు ఉంటారు, ఎదుటివారు తెలుగువారని తెలిస్తే మీరూ తెలుగులోకి మారిపోవడంలో తప్పేమీ లేదు.

ఖర్చు విషయంలో ఒక్క మాట. విద్యార్థి రుసుము రాయితీ, వసతి గురించి నిర్వాహకులకు ముందే రాయండి. చాలామంది సంకోచించి రాయరు. "ప్రముఖ పరిశోధకులకు" అంటూ మీకు వచ్చే విదేశీ ఆహ్వానాల ఈమెయిళ్ళను మాత్రం పట్టించుకోవద్దు. మీ పేరు ముందు డాక్టర్ అని చేర్చి, ఉపన్యాసానికి డబ్బు అడిగే సదస్సు సదస్సు కాదు.

ఇక వెళ్ళేలోపు మీరు చేయవలసినది ఒకటుంది. మొదటి విడతలో రింగు పెట్టారో లేదో మీరు రాయలేదు. పెట్టి ఉండకపోతే రెండో విడతకు పెట్టాలంటే ప్రయోగపద్ధతి మారినట్టే, దానికి జంతు ప్రయోగాల నైతిక కమిటీ అనుమతి సవరించుకోవాలి, కమిటీ సమావేశాలు రోజూ జరగవు. కొల్లాజెన్ షీటును రెండో కంట్రోల్‌గా చేర్చడానికీ అదే దరఖాస్తు సరిపోతుంది, దాని వల్ల అదనంగా ఎన్ని ఎలుకలు కావాలో లెక్క కట్టి అందులోనే అడగండి. ఈ వారమే మీ గైడ్‌తో సంతకం చేయించి ఆ దరఖాస్తు లోపల పడేయండి. సదస్సు నుంచి తిరిగి వచ్చేసరికి అనుమతి చేతిలో ఉంటే అక్కడ విన్నదాన్ని వెంటనే రెండో విడతలో పెట్టుకోవచ్చు.